చంక కింద జేబు

మా బావ దర్జీ. మా అక్కని చేసుకునే నాటికే వీధి మలుపులో ఆయనకి ఒక గది, ఒక మిషను, నిలువుటద్దం ఉండేవి. నోట్లో నాలుక లేని మనిషి. ఆ లోటు నేను తీర్చేవాణ్ణి. ఆయన ఒకసారి ఏనుగుకి పంట్లాం కుట్టాడనీ, నడుం దగ్గర బిగుతైందని అది తిరిగొచ్చిందనీ చెబితే, మా మేనల్లుడు బడికి వెళ్లే వయసు దాకా నమ్మాడు.

వాడు పెద్దవాడై పోలీసు శిక్షణ ముగించుకొని వచ్చాడు. మర్నాడు ఉద్యోగంలో చేరాలి. మొదటి యూనిఫాం నాన్నే కుట్టాలని పట్టుబట్టాడు. బావ కుట్టాడు. అద్దం ముందు తొడుక్కొని చెయ్యెత్తబోతే, ఎడమ చంక కింద కుట్టులో సందు తగిలింది. వేళ్లు పెట్టి చూశాడు. జానెడు లోతు జేబు. బయటికి కనపడదు.

వాడి మొహం పాలిపోయింది.

"ఇది శిక్షణలో చూపించారు నాన్నా. కత్తుల ముఠావాళ్ల చొక్కాలకి ఉండేదట. నీకెలా వచ్చు?"

బావ ఉలిక్కిపడ్డాడు. ఏళ్ల తరబడి అలవాటుపడిన చెయ్యి, ఆయన్ని అడక్కుండానే కుట్టేసింది. అక్క గుమ్మంలోనే నిలబడిపోయింది.

వాడు నా వైపు తిరిగాడు. "మామయ్యా, నువ్వైనా చెప్పు."

చెప్పాను. బావ కుడుతుంటే ఇంట్లో అందరం 'కంపెనీ బట్టలు' అనేవన్నీ ఆ ముఠావేననీ, వాడు చిన్నప్పుడు వేలు పట్టుకు తిరిగిన మిఠాయి బాబాయి ఆ బట్టల మూటలు మోసే ముఠా మనిషేననీ చెప్పాను.

వాడు ఫక్కున నవ్వాడు. "హమ్మయ్య! మళ్లీ మొదలెట్టావా నీ కోతలు? ఏనుగు పంట్లాం అయిపోయింది, ఇప్పుడిదా?"

నేనూ నవ్వేస్తే ఇల్లు ఎప్పటిలాగే ఉండేది. నవ్వబోయాను కూడా. బావ నవ్వనివ్వలేదు.

"ఈసారి మీ మామ కోతలు కోయలేదురా. కోసింది నేను. కుట్టింది నేను. లోపల ఏం పెట్టుకుంటారో తెలిసే కుట్టాను."

"ఎప్పుడు మానేశావు?"

"మానలేదు. వాళ్లని పట్టుకెళ్లారు, పని ఆగిపోయింది. నేనే మానేశానంటే అదో అబద్ధం."

"నా చదువు?"

"అదీ అందులోంచే."

వాడు చొక్కా విప్పి, మడిచి, మిషను మీద పెట్టాడు. మర్నాడు ఎక్కడో కొన్న చొక్కాతో ఉద్యోగంలో చేరాడు.

ఇల్లు విడిచి పోలేదు. బావ బతికున్నన్నాళ్లూ మందులు తెచ్చాడు, కళ్లజోడు మార్పించాడు. కానీ ఆ సాయంత్రం నుంచి ఆయన్ని 'నువ్వు' అనలేదు. "మీరు భోంచేశారా? మీరు పడుకోండి" అనేవాడు.

చూసినవాళ్లు బావతో, "తండ్రంటే ఎంత గౌరవమండీ మీవాడికి!" అనేవారు.

"అవునండీ" అని, బావ తలొంచుకొని సూదిలోకి దారం ఎక్కించుకునేవాడు.