సుగ్గి బండి కాడ నవ్వినామె

నవలలో ఆమె నవ్వింది. సినిమాలో ఆమెను ఏడిపించారు.

ఆమె మా కోసిగిలో కూలి ఆడవాళ్ల ముఠాకు పెద్ద. వానలు తప్పిన ఏడు మావాళ్లు మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వలస పోతారు. దాన్నే సుగ్గి అంటారు. బండెక్కేటప్పుడు ఎవరైనా కంటతడి పెడితే పోయినచోట పని దొరకదని నమ్మకం. అందుకే ఆమె కొంగు నడుముకు దోపుకుని బండి పక్కన నిలబడి, ఎక్కే ప్రతి మనిషి మీదా ఒక పరాచికం విసిరేది.

"ఏమ్మే, మొగుణ్ని మూటలో కట్టుకుంటివా, ఇంట్లోనే ఇడిసిపెడితివా?"

ఒక ఏడు టీవీవాళ్లు వచ్చి, కరువు వార్త కోసం కాస్త ఏడవమని ఆమెను అడిగారు. నేను పక్కనే ఉన్నాను.

"బండి కాడ ఏడ్సకూడదు నాయనా. నీకంత అవసరమైతే నువ్వే ఏడ్సు, మేం సూస్తాం," అని పకపకా నవ్వింది.

ఆ మాట పట్టుకునే ఒక రచయిత టీవీవాళ్లను దులిపేస్తూ నవల రాశాడు. ఆ నవలే సినిమా అయింది. అందులో అదే బండి, అదే కెమెరా. ఆమె మాత్రం టీవీవాడి కాళ్ల మీద పడి బోరున ఏడుస్తుంది, వెనక వయొలిన్లు. హాలంతా కళ్లు తుడుచుకుంటుంటే నాకు ఒళ్లు మండింది.

ఆమె ఇప్పుడు లేదు. ఆమె తరఫున అడిగేవాడు ఒకడుండాలి కదా! కర్నూలులో ఆ సినిమావాళ్లకు సన్మానం చేసిన సభలో లేచి దర్శకుణ్ని నిలదీశాను.

"ఆమె నవ్వు యాడ పాయనప్పా?"

మైకు లాక్కోబోయారు, వదల్లేదు. జవాబు చెప్పేదాకా కూర్చోనన్నాను. చివరికి ఆయన చెప్పాడు:

"పెద్దాయనా, ఆమె నవ్వితే మీకు కరువొచ్చిందని ఎవరు నమ్ముతారు?"