తొమ్మిది ఒకట్ల బియ్యం బస్తా

ఆ రోజుల్లో నాకు ఉద్యోగం కొత్త, ఎమ్మెస్సీ లెక్కల పొగరు పాతది. ఎదుటివాళ్ళు అడిగినా అడక్కపోయినా లెక్క సరిచేసేవాణ్ణి. (అందుకే అప్పటికి రెండు సంబంధాలు తప్పిపోయాయని అమ్మ బాధ.) మూడోది పాలకొల్లు దగ్గర రైసుమిల్లు వాళ్ళమ్మాయి. ఫోటో చూసిన రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. "అక్కడ నోరు మెదిపావో, నీకూ నాకూ మాటల్లేవు" అని అమ్మ రాజమండ్రిలో బస్సెక్కుతూనే చెప్పింది.

అంతా బాగానే జరిగింది. పూతరేకులు తిన్నాం. అమ్మాయి వచ్చి గుమ్మం పక్కన కూర్చుంది. అప్పుడు వాళ్ళ పెదనాన్నగారు లోపలి నుంచి కొత్త బియ్యం బస్తా ఒకటి తెప్పించారు. దాని మీద ఎర్రటి అక్షరాలతో 111111111 అని బ్రాండు. "ఇంట్లో తొమ్మిది మందిమండీ. మనిషికో ఒకటి. మేం అన్నదమ్ములం విడిపోతామని ఊళ్ళో అనుకుంటున్నారు. అన్నీ ఒకట్లే కదా, ఈ నెంబర్ని ఎవరూ భాగించలేరు. మీరు లెక్కల మేష్టారు, మీరు చెప్పండి అబ్బాయిగారూ!"

అవునండి అంటే సరిపోయేది. అమ్మ నా కాలు తొక్కింది కూడా. నాకు చెమటలు పట్టాయి, అయినా నోరు ఆగలేదు. "తొమ్మిదో ఎక్కంలో పోతుందండి. అంకెలన్నీ కలిపితే తొమ్మిది వచ్చిందంటే పోవలసిందే."

అన్నదమ్ములిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అమ్మ చీర కొంగు సర్దుకుని లేవబోయింది. పెదనాన్నగారు ఫోన్లో తొమ్మిదితో భాగించి, జవాబు పైకి చదవసాగారు. "ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు, తొమ్మిది." ఆగారు. మళ్ళీ చదివారు. "ఎనిమిదేదయ్యా?" (అండీ పోయి అయ్యా వచ్చింది. నా పని అయిపోయిందనుకున్నాను.)

ఆ సంఖ్య అంతే, అందులో ఎనిమిది రాదు. పెద్దవాళ్ళకి అది చెబితే ఏం ఊరట?

గుమ్మం దగ్గర నుంచి అమ్మాయి గొంతు వినబడింది. "మనింట్లో వయసు వరసలో ఎనిమిది నేనే కదా పెదనాన్నా. మిగతా అందరూ ఉన్నారుగా."

పెదనాన్నగారు ఆమె వంక చూశారు, నా వంక చూశారు. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వేశారు. "ఆయ్! అయితే మీ లెక్క మాకు ఖాయమేనండీ" అన్నారు.

అన్నదమ్ములు విడిపోలేదు. ఇప్పటికీ ఏటా మాకు ఆ మిల్లు బియ్యమే వస్తాయి. "ఇప్పుడు ఇంట్లో ఎనిమిది మందే కదా, ఒక ఒకటి తగ్గించలేదేమండీ?" అని ఒకసారి పెదనాన్నగారిని అడిగాను. "తగ్గిస్తే మీ తొమ్మిదో ఎక్కంలో పోదు కదండీ" అన్నారాయన. అది నిజమే, నాకే తట్టలేదు. బస్తా దిగినప్పుడల్లా నా వేలు ఎనిమిదో ఒకటి మీద ఆగుతుంది. ఆ చెమటలు పట్టిన కుర్రాణ్ణి తలుచుకుంటే ముద్దొస్తాడు, పాపం. ఈలోగా ఎనిమిదో మనిషి వంటింట్లోంచి కేకేస్తుంది. "ఏవండీ, బస్తా లోపల పెడతారా, లెక్కపెడుతూ కూర్చుంటారా?"