మొదటి నీళ్ళలో తూటా మందు

అరవైల్లో ఒక కరువు వేసవి. నల్లమాడ దగ్గర మా అత్తవారి ఊళ్ళో బావమరిది తన బావికి అడ్డుపడిన బండను తూటాలు పెట్టి పేల్పించాడు. ఊట పడింది. కానీ ఎద్దులు ఆ నీళ్ళను వాసన చూసి మూతి తిప్పుకున్నాయి. తూటా మందు కలిసిందేమోనని ఇంట్లో అందరికీ భయం పట్టుకుంది. తాగవచ్చో లేదో తేల్చమని నన్ను అడిగారు.

నేను అనంతపురంలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి. మా ల్యాబుకు అప్పుడే ఒక పరికరం వచ్చింది. సన్నని గాజు గొట్టంలోంచి పాదరసం చుక్కలు చుక్కలుగా నీళ్ళలోకి జారుతుంటుంది. వోల్టేజి పెంచుతూ పోతే, నీళ్ళలో తూటా మందు ఉంటే ఒకచోట ముల్లు లేస్తుంది. దాన్ని చూపి గొప్పలు పోవడానికి చుట్టాలే దొరికారని సంబరపడ్డాను. తోడిన మొదటి నీళ్ళే పంపాలని, తర్వాతివి పనికిరావని హుకుం వేశాను.

సీసా కదిరి బస్సులో వచ్చింది. నీళ్ళు లేత పసుపు రంగులో ఉన్నాయి. మందుకూ ఆ రంగే కదా అని మురిశాను. ముల్లు లేచింది. సరిగ్గా లేవాల్సిన చోట కాదు, కాస్త అవతల. ఆ కాస్తను నేను చూడదలచుకోలేదు. తాగొద్దని కబురు పెట్టాను.

వారం తర్వాత, బావిగట్టు మట్టిని కూడా పరీక్షిద్దామని ఆ ఊరు పోయాను. బావమరిది భార్య ఎక్కడో దూరాన తోడిన నీళ్ళబిందెతో ఎదురైంది. సీసా ఎవరు నింపారని అడిగాను.

"నేనే అన్నా. మొదటి నీళ్ళు అడిగితివి కదా. గంగమ్మకు పసుపు కుంకుమ ఇడవకుండా కొత్త బావిలో మొదటి బిందె ఎట్ల తోడేది?"

పసుపు కూడా ఆ ముల్లును లేపుతుంది. ఆ బావిలోనే కొత్తగా ఊరిన, పసుపు పడని నీళ్ళు, కాస్త మట్టి తీసుకొని ల్యాబుకు వచ్చేశాను. బండ పగిలినచోటి మట్టిలో మందు జాడ ఉంది. నీళ్ళలో ముల్లు కదల్లేదు.

పసుపును చూసి మందనుకున్నానని ఒప్పుకుంటే సరిపోయేది. వారం రోజుల ఊటకు మందు విరిగిపోయిందనీ, ఇక తాగవచ్చనీ చెప్పాను.

"ఎద్దులు నువ్వు చెప్పకముందే తాగబట్టినాయి బావా. అవి యా కాలేజీలో చదివినాయో?" అన్నాడు బావమరిది.

ఎద్దుల మాట ఎవరూ పట్టించుకోలేదు. నా మాటే నిలిచింది. ఆ తర్వాత ఆ చుట్టుపక్కల ఎవరి బావిలో బండ పేల్చినా, కాలేజీ అల్లుడు చెప్పినాడని వారం దాకా నీళ్ళు ముట్టేవారు కాదు. ఊట ఊరుతున్న బావి పక్కనుంచే ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో దూరం నడిచిపోతుంటే నేను కళ్ళారా చూశాను. అప్పుడు కూడా నోరు విప్పలేదు.