ఎర్ర గీత లేని నాన్న

పద్మారావు నగర్‌లో మా ఇంటికి దగ్గరి ప్రైవేటు స్కూలు వాళ్ళు తమ వార్షిక సంచికలో తెలుగు పేజీల ప్రూఫులు చూసిపెట్టమంటే ఒప్పుకున్నాను. ఇన్నేళ్ళు తెలుగు చెప్పినదాన్ని, పిల్లల రాత అంటే ఇప్పటికీ ఆశే. ఆ ఆశ మొదటిరోజే వదిలింది.

సంచిక పనులు చూసే కుర్ర సారు కాగితాల కట్ట నా ముందు పడేశాడు. "అంతా కంప్యూటర్ చెక్ చేసింది మేడం. ఒక్క ఎర్ర గీత సుత లేదు. జెర పైపైన చూసి సంతకం పెట్టుండ్రి" అన్నాడు.

పైపైన చూడటం నాకు చేతకాదు. కూర్చుని చదివాను. అంశం 'మా నాన్న'. తొమ్మిదో తరగతి పిల్లలందరి నాన్నలూ పొద్దున్నే తోటలో కూర్చుని పేపరు చదువుతున్నారు, కారులో ఆఫీసుకు వెళ్తున్నారు, సాయంత్రం చాక్లెట్లు తెస్తున్నారు. గైడులోంచి ఎక్కించిన వ్యాసం అది. ఈ పిల్లల్లో సగంమంది ఉండేది బోయిగూడ సందుల్లో. అక్కడ మనిషికి మనిషి తగలకుండా నడవడమే కష్టం, తోట ఎక్కడిది? అక్షరదోషం లేదన్న మాట నిజమే. తోమి బోర్లించిన ఖాళీ గిన్నెలా ఉంది. చదువుతుంటే రోత పుట్టింది.

ఒకమ్మాయిని పిలిచి, మీ నాన్న ఏం చేస్తారమ్మా అని అడిగాను. మోండా మార్కెట్‌లో ఉల్లిగడ్డలు అమ్ముతాడట. ఇంటికి రాగానే నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుంటే గాని చంటి తమ్ముణ్ణి ఎత్తుకోడట. పొద్దంతా అరిచి గొంతు పోతుంది కాబట్టి రాత్రి అన్నం దగ్గర అన్నీ సైగలేనట. పెరుగు కావాలంటే ఒక సైగ, లెక్కలు చేశావా అనడానికి ఇంకోటి. ఆ పిల్ల తనే అవన్నీ చేసి చూపించి నవ్వింది. మరి ఇదెందుకు రాయలేదే తల్లీ అన్నాను. రాసిందట. టైపు చేస్తే మార్కెట్ మాటలన్నిటి కిందా ఎర్ర గీతలు వచ్చాయట. పేజీ ఖరాబవుతుందని సారు ఆ కాగితం చెత్తబుట్టలో వేసి గైడు చేతికిచ్చాడట.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని మళ్ళీ రాయించాను. దాని మీద సంతకం పెట్టి, ఇదే అచ్చు కావాలని చెప్పి నా చేతులతో సారుకిచ్చాను. సరే మేడం, సరే మేడం అని తలూపాడు.

వార్షికోత్సవం రోజు సంచికలు పంచారు. తెరిస్తే ఆ అమ్మాయి పేరు కింద అదే తోట, అదే కారు. ఇదేమిటయ్యా అని నిలదీస్తే, మళ్ళీ ఎర్రగా వచ్చిందనీ, సరిచేసే టైము లేకపోయిందనీ చెప్పాడు. పైగా ఇందులో తప్పు ఒక్కటన్నా చూపించండి అని నవ్వు.

అప్పటికే ఆ అమ్మాయి నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, చివరి వరస కుర్చీలో కూర్చుని ఆ పేజీ చదువుతున్నాడు. అక్షరాల కింద వేలు పెట్టి కూడబలుక్కుంటున్నాడు. చదవడం అయ్యాక సంచిక మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను గబగబా వెళ్ళి జరిగిందంతా చెప్పాను. మీ పాప మీ గురించే రాసింది, మళ్ళీ కూడా రాసింది, వేయనిది వీళ్ళేనన్నాను. ఆయన లేచి నిలబడి మర్యాదగా విన్నాడు. టీచరమ్మ పిల్లను వెనకేసుకొస్తోందని అనుకుంటున్నట్టు ఆయన చూపులోనే తెలిసిపోయింది. అచ్చయిన కాగితం ఆయన చేతిలో ఉంది మరి. నా మాట ఎందుకు నమ్ముతాడు?

"నీ గురించే రాసిన డాడీ" అంది పక్కనే నిలబడ్డ అమ్మాయి.

ఆయనకు కోపం కూడా రాలేదు. కూతురి తల మీద చెయ్యి వేసి మెల్లగా అన్నాడు.

"గంత సిగ్గనిపిస్తే ముందుగాల్నే చెప్పొద్దా బిడ్డా? గేటు బయటనే నిలబడేటోన్ని గద."