కటింగ్ మాస్టర్ కాలు

మా బావ కటింగ్ మాస్టర్. షాపు తెరిచింది మొదలు మూసేదాకా బల్ల ముందు నిలబడే ఉంటాడు. అదే షాపులో మిషను మీద కుట్టేది నేను. అక్క మొగుడు కదా అని ఏనాడూ మొహమాటపడలేదు. ఆయన కత్తెర ఎంత పదునో, నా నోరూ అంతే.

ఆయన పిక్కల్లో నరాలు ఉబ్బి, వానపాముల్లా మెలికలు తిరిగి చాలా ఏళ్లయింది. సాయంత్రానికి పాదం వాచేది. తర్వాత చీలమండ పైన చర్మం నల్లబడి దురద మొదలైంది. డాక్టరు దగ్గరికి వెళ్దామని అక్క పోరుతూనే ఉంది. ఈయన వింటేగా! సొంత వైద్యం కనిపెట్టాడు. లాగులకు వేసే ఎలాస్టిక్ ముక్క ఒకటి మోకాలి కింద బిగించి కట్టుకునేవాడు.

"అది కాలు బావా, లాగు కాదు" అనేదాన్ని.

"కూర్చుని కత్తిరిస్తే గుడ్డ వంకరపోతుంది మరదలా. నిలబడాలంటే ఇది ఉండాల్సిందే."

ఆ రోజు స్కూలు యూనిఫారాల ఆర్డరు. తెల్లగుడ్డ పొరలు పొరలుగా పరిచి కత్తిరిస్తున్నాడు. దురద పుట్టినట్టుంది, ఒక చెప్పు అంచుతో రెండో కాలు గీరుకున్నాడు.  దారం మార్చుకుంటూ అటు చూశాను. బల్ల కింద నేలంతా ఎర్రగా ఉంది. చీలమండ దగ్గర్నుంచి రక్తం సన్నగా చిమ్ముతోంది. ఆ మనిషికి తెలియనే తెలియదు!

"బావా, రక్తం!"

"ముందు గుడ్డ తియ్యి, మరకలవుతాయి!" అన్నాడు మహానుభావుడు. స్టూలు మీద కూర్చుని, కాలు వేలాడేసి, ఎలాస్టిక్ ఇంకా బిగించాడు. బిగించేకొద్దీ రక్తం ఎక్కువైంది. నాకు ఒళ్లు మండింది. షాపు ఓనరు అంబులెన్సుకి ఫోన్ చేశాడు. వాళ్లు చెప్పినట్టే ఎలాస్టిక్ తెగ్గోసి, బావని ఆ తెల్లగుడ్డ మీదే వెల్లకిలా పడుకోబెట్టి, కాలు పైకెత్తి, లైనింగు గుడ్డ మడతపెట్టి గట్టిగా అదిమి పట్టాను. 

ఆసుపత్రిలో డాక్టరమ్మ కట్టు కట్టి కేకలేసింది. "ఈ నరాల్లో రక్తం పైకి ఎక్కడం లేదండీ. అలా బిగిస్తే మొత్తం కిందే నిలిచిపోతుంది. ఇలాగే వదిలేస్తే మానని పుండ్లు పడతాయి. రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి చేరితే ప్రాణం మీదికొస్తుంది. ఆపరేషను చేయించుకోండి."

"ఆపరేషనంటే నెలల తరబడి మంచమేనాండీ?" అన్నాడు బావ.

"చాలామంది అదే రోజు నడిచి ఇంటికెళ్తారు."

బావ చూద్దాంలే అన్నట్టు తల ఊపాడు. అంతలో అక్క పరుగున వచ్చింది.

"అంత రక్తం పోతుంటే నొప్పి పెట్టలేదా?"

"ఇసుమంతైనా లేదే. ఉంటే చెప్పేవాణ్ణి కదా" అన్నాడు నవ్వుతూ, అక్కకి ధైర్యం చెబుతున్నట్టు.

అక్క ఆయన కాలి కట్టు మీద చెయ్యి వేసింది.

"అంటే, ప్రాణం పోయేటప్పుడు మీకు కూడా తెలిసేది కాదన్నమాట."

 బావ మొహంలో నవ్వు ఆరిపోయింది. కాలు దుప్పటి బయటికి చాపి, "డాక్టరమ్మా, ఎప్పుడు రమ్మంటారు?" అని అడిగాడు.