అయిదు సరోవరాలు, అయిదు ఫైళ్ళు

నిన్న మధ్యాహ్నం మా పక్కింటి టీవీలో నా నిజస్వరూపం బయటపడిందండీ. చిన్న టీవీ కూడా కాదు, గోడంత టీవీ. పదకొండు మంది పెద్దావిడలు సమోసాలు తింటూ చూశారు. ఇవాళ చర్చిలో పాటలప్పుడు నా గొంతెందుకు లేవలేదో ఇప్పుడర్థమైందా? సుజాతక్కా, ఆ టీ ఇటివ్వు. మొదట్నుంచీ చెప్తాను.

మా పక్క టౌన్‌హౌస్‌లో బీజీ ఉంటారు. ఎనభై ఏళ్ళావిడ. సొంతూరు అమృత్‌సర్, ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడే సన్నీవేల్‌లో కొడుకు దగ్గర ఉంటున్నారు. మా గ్రేసీ స్కూల్ నుంచి నేరుగా వెళ్ళేది ఆవిడ దగ్గరికే. నేను ఆఫీస్ నుంచి వచ్చేసరికి పిల్ల హోమ్‌వర్క్ అయిపోయి ఉంటుంది, కడుపు నిండి ఉంటుంది, రెండు జడలూ బిగించి వేసి ఉంటాయి. మూడేళ్ళుగా ఇదే వరస. ఆవిడ ఒక్కరోజూ విసుక్కోగా చూడలేదు. విసుక్కునే డిపార్ట్‌మెంట్ నాది.

మొన్న మార్చిలో నాకూ మా ఆయన సుధీర్‌కీ ఇండియా వెళ్ళి వీసా స్టాంపింగ్ చేయించుకోవాల్సొచ్చింది కదా. హైదరాబాద్‌లో స్లాట్ దొరకలేదు, ఢిల్లీలో దొరికింది. గ్రేసీ ఇక్కడే పుట్టింది కాబట్టి దానికి ఆ గొడవ లేదు గానీ, స్కూల్ ఉంది. పన్నెండు రోజులు దాన్ని ఎవరి దగ్గర వదలాలా అని మేం నోరు తెరవకముందే బీజీ తన గదిలో దానికి మంచం వేయించేశారు.

బదులుగా ఆవిడ అడిగింది ఒకే ఒక్కటి. పాస్‌పోర్టుల కోసం ఢిల్లీలో ఎలాగూ ఊరికే కూర్చుంటారు, రైలెక్కి అమృత్‌సర్ వెళ్ళి అయిదు సరోవరాలూ వీడియో తీసుకురమ్మన్నారు. నాకు స్వర్ణ దేవాలయం చుట్టూ ఉన్న నీళ్ళొక్కటే తెలుసు. ఊళ్ళో పాత గురుద్వారాల పక్కన అలాంటివి ఇంకో నాలుగున్నాయట. అమృత్ సరోవర్, సంతోఖ్‌సర్, కౌల్‌సర్, రామ్‌సర్, బిబేక్‌సర్. ఒక్కరోజులో అయిదూ చుట్టి రావాలి, అప్పుడే బీజీ లెక్కలో యాత్ర పూర్తయినట్టు. ఆవిడ మోకాళ్ళు ఇప్పుడు విమానం మెట్ల మాట అటుంచి మా గుమ్మం మెట్లే ఎక్కలేవు.

"ఒక్కటీ వదలకు పుత్తర్," అన్నారు నా చెయ్యి పట్టుకుని. "అయిదోది అసలు వదలకు."

అయిదోదాని మీద అంత పట్టేమిటో నేను అడగలేదు. అడిగితే కథ చెప్తారు, కథ వినే టైమ్ నాకెప్పుడుంది?

ఇక అమృత్‌సర్. ఇంటర్వ్యూ అయింది, పాస్‌పోర్టులు వాళ్ళ దగ్గరున్నాయి, ఎప్పుడిస్తారో తెలీదు. ఆ నాలుగు రోజులు నేను మనిషిని కాదు. అన్నం తింటూ స్టేటస్ చూడు, పళ్ళు తోముకుంటూ స్టేటస్ చూడు. స్టాంప్ పడకపోతే ఉద్యోగం ఏమిటి, ఇల్లేమిటి, అక్కడ పిల్లేమిటి అని ఒకటే గుబులు. అందుకే డ్యూటీలు వేశాను. నా ఫోన్ వీడియోకి, సుధీర్ ఫోన్ వీసాకి. స్టేషన్ బయట మెళ్ళో వేలాడేసుకునే ప్లాస్టిక్ పౌచ్ ఒకటి కొన్నాను. ఊరంతా తిప్పడానికి ఈ-రిక్షా సర్దార్జీ ఒకాయన దొరికాడు. పెద్దాయన, నిదానస్తుడు. ఆ నిదానం చూసే నాకు సగం బీపీ పెరిగింది.

స్వర్ణ దేవాలయం బయట చెప్పుల కౌంటర్ దగ్గర ఒకటే తోపులాట. కెమెరా ఓపెన్ చేసి ఫోన్‌ని పౌచ్‌లో పెట్టి మెళ్ళో వేసుకున్నాను. చున్నీ తల మీదకి లాక్కున్నాను. ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినండి. ఆ తోపులాటలో ఎర్ర బటన్ దానంతటదే నొక్కుకుపోయింది. రికార్డింగ్ అప్పుడే మొదలైపోయింది. నాకు నిన్నటిదాకా తెలీదు ఆ సంగతి. కాళ్ళు కడుక్కుని మెట్లు దిగి సరోవరం ఎదురుగా నిలబడి, మొదలెడదామని బటన్ నొక్కాను. అంటే ఆపేశానన్నమాట. చుట్టూ తిరిగి, ఒడ్డున అందరూ మొక్కే రేగిచెట్టు చూసి, ప్రసాదం తీసుకుని, గేటు దాటాక ఆపుదామని నొక్కాను. అంటే మొదలెట్టాను.

అయిదింటికీ అదే కథ. ఎండకి స్క్రీన్ మీద నా మొహం తప్ప ఏమీ కనబడలేదు. మీకు తెలుసుగా నా ఉద్యోగం, టెస్టింగ్. మనుషులు రాసిన కోడ్‌లో తప్పులు పట్టుకుని మెయిల్స్ పెట్టి వాళ్ళ వీకెండ్ పాడు చేస్తాను. నా వీడియో మాత్రం ఒక్కసారి కూడా ప్లే చేసి చూసుకోలేదు.

నాలుగోది, రామ్‌సర్, అయ్యి బయటికొస్తుండగా సుధీర్ ఫోన్ మోగింది. పాస్‌పోర్టులు వచ్చాయి, రేపు పొద్దున తీసుకోవచ్చని మెయిల్. నా ఒంట్లోకి కరెంట్ పాకింది. గంటన్నరలో రైలుంది, దాన్ని పట్టుకోవాలి. రిక్షా సర్దార్జీ మాత్రం నిదానంగా, అయిదోది ఇక్కడే మేడమ్, నడిచినా అయిదు నిమిషాలే అన్నాడు.

అయిదు నిమిషాలు. నేను వెళ్ళలేదు.

ఏం చేశానంటే, రామ్‌సర్‌కే ఇంకో వైపుకి వెళ్ళి, అటునుంచి తీసి అదే బిబేక్‌సర్ అందామనుకున్నాను. రెండు నిమిషాలు తీశాను, బ్యాటరీ అయిపోయింది. ఢిల్లీ వెళ్ళాం, పాస్‌పోర్టులు తీసుకున్నాం, విమానం ఎక్కాం. ఇల్లు చేరగానే బీజీ అడిగిన మొదటి మాట, అయిదూ అయ్యాయా అని. అయ్యాయి బీజీ అన్నాను. ఆవిడ నా రెండు చేతులూ తీసుకుని కళ్ళకద్దుకున్నారు. అప్పుడే చెప్పేయాల్సింది. జెట్‌లాగ్ అని ఇంట్లోకి దూరిపోయాను.

తర్వాత ఆఫీస్, రిలీజ్, జలుబు. రెండు వారాలు గడిపేశాను. చివరికి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసిచ్చాను. అయిదు సరోవరాలు, సరిగ్గా అయిదు ఫైళ్ళు. సైజులు కూడా ఘనంగా ఉన్నాయి. ఇంకేం చెక్ చేయాలి?

బీజీ ఆ పెన్‌డ్రైవ్‌ని ఒక్కరే చూస్తారనుకున్నాను. గురుద్వారా స్నేహితులు పది మందిని పిలిచారు. నిన్న మధ్యాహ్నం మేం వెళ్ళేసరికి అందరూ ఇస్త్రీ బట్టల్లో, తల మీద చున్నీలు కప్పుకుని, చెప్పులు బయట విడిచి టీవీ ముందు కూర్చున్నారు. బీజీ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఈ అమ్మాయి వేరే మతం అయినా నా కోసం అయిదూ తిరిగొచ్చిందని అందరికీ చెప్పారు. నేను సమోసా ప్లేటు పక్కన పెట్టేశాను. ఇంకా టీవీ కూడా పెట్టలేదు అప్పటికి.

మొదటి ఫైల్. తెర నిండా చెప్పులు. తర్వాత ఎవరివో కాళ్ళు. తర్వాత పాలరాతి నేల, ఊగుతూ ఊగుతూ. పెద్దావిడలు ఓపిగ్గా చూస్తున్నారు, దేవుడు వస్తాడని. మెట్లు వచ్చాయి, నీళ్ళు తళుక్కుమన్నాయి, మూలన బంగారు గోపురం ఇంత కనిపించింది, వీడియో అయిపోయింది. గదిలో నిట్టూర్పు. పెన్‌డ్రైవ్‌లో ప్రాబ్లమ్ అనుకుంటా అన్నాను. సుధీర్ నా వైపు చూశాడు, సంగతి ఆయనకి అప్పటికే అర్థమైపోయింది.

రెండోది మొదలైంది. రిక్షా, ఆవులు, హారన్లు, వాటన్నిటి మీదా నా గొంతు. అప్పుడు గుర్తొచ్చింది, దారి పొడుగునా నేను నోరు మూసుకున్నదే లేదని. అయినా ఒక ధైర్యం, తెలుగులోనే కదా తిట్టుకున్నాను, వీళ్ళకేం తెలుస్తుంది అని. సరిగ్గా అప్పుడే బీజీ, కార్పెట్ మీద కూర్చున్న మా గ్రేసీని అడిగారు, మమ్మీ ఏమంటోంది పుత్తర్ అని.

నేను కళ్ళతో వద్దన్నాను. కళ్ళ భాష అమెరికాలో పుట్టిన పిల్లకి రాదు. సగం ఇంగ్లీష్, సగం బీజీ నేర్పిన పంజాబీ కలిపి చక్కగా చెప్పేసింది: "మమ్మీ అంటోంది, ఆవిడ మోకాళ్ళు నొప్పయితే నా మోకాళ్ళు ఎందుకు అరగాలి అని."

పదకొండు మందీ నవ్వారు. బీజీ అందరికంటే ఎక్కువ నవ్వారు. నేనూ నవ్వాను, చెమటలు పడుతుండగా. మూడో ఫైల్‌లో నేను కుల్చా తింటూ, చెరువుకీ చెరువుకీ తేడా ఏముందండీ, అన్నిట్లోనూ నీళ్ళే కదా అంటున్నాను. గ్రేసీ అదీ చెప్పింది. ఈసారి నవ్వు కాస్త తక్కువ వచ్చింది.

నాలుగోది కౌల్‌సర్ నుంచి రామ్‌సర్ వెళ్ళే దారి. ఇరుకు సందు, వడియాల దుకాణం, నీలం తలుపు. బీజీ ఒక్కసారిగా ఆపమన్నారు. రిమోట్ లాక్కుని ఆవిడే ఆపారు. టీపాయ్ పట్టుకుని లేచి, తెర దగ్గరికి వెళ్ళి ఆ నీలం తలుపు మీద వేలు పెట్టారు. ఆవిడ పుట్టిన ఇంటి పక్కిల్లట. రంగు కూడా మార్చలేదు అన్నారు. ఎవరినైనా ఈ సందు వీడియో తీసుకురమ్మని ఎలా అడుగుతాను, పిచ్చిదాన్ననుకుంటారు కదా, అన్నారు. అక్కడితో ఆపేస్తే నేను బతికిపోయేదాన్ని. మెల్లగా లేచి, ఇక చాలు బీజీ, అయిదోది కూడా ఇలాగే ఉంటుంది అన్నాను.

"అయిదోదే కదా నాక్కావాల్సింది," అన్నారు.

తెర మీద రామ్‌సర్ గేటు. సుధీర్ గొంతు, "అయిదు నిమిషాలే అంటున్నాడు కదా, వెళ్ళొచ్చేద్దాం." నా గొంతు, స్పష్టంగా, రికార్డింగ్ స్టూడియోలో పాడినట్టు: "ఆవిడ కళ్ళకి ఏం ఆనుతుందండీ? అటు పక్కనుంచి తీస్తే వేరే చెరువనుకుంటుంది. పిల్లని చూసుకుంటోంది కాబట్టి ఈ మాత్రమన్నా తిరిగాను."

గ్రేసీ నోరు తెరిచింది, మూసేసింది. నా వైపు చూసింది. ఎనిమిదేళ్ళ పిల్లకి ఆ మాట బరువు తెలిసింది, నాకు ఆ రోజు తెలియలేదు. బీజీ మెల్లగా చెప్పమన్నారు. అది తల వంచుకుని, చిన్న గొంతుతో, ఒక్క ముక్క వదలకుండా చెప్పింది.

ఎవరూ నవ్వలేదు. నాకు ఏడుపొచ్చేసింది. మూడేళ్ళ జడలు, మూడేళ్ళ రొట్టెలు, గదిలో వేసిన ఆ మంచం అన్నీ ఒకేసారి కళ్ళ ముందు తిరిగాయి. చివరికి, అబద్ధం చెప్పాను బీజీ, అయిదోది చూడనేలేదు అన్నాను.

ఆవిడ తన స్నేహితురాళ్ళ వైపు తిరిగారు. "నేనూ చూడలేదు," అన్నారు.

పెళ్ళయిన కొత్తలో అత్తగారు ఆవిడని అయిదూ తిప్పడానికి తీసుకెళ్ళారట. నాలుగయ్యేసరికి కాళ్ళు లాగేసి, అత్తగారు ఎవరితోనో మాట్లాడుతుంటే ఈవిడ ఆ వడియాల దుకాణం వెనక నక్కి, కుళాయి కింద చున్నీ కొంగు తడుపుకుని, అయిదోదాంట్లో మునిగొచ్చానని చెప్పారట. అరవయ్యేళ్ళు ఎవరికీ చెప్పలేదట, ఆ సిగ్గుతో మళ్ళీ అటువైపు వెళ్ళనూ లేదట. వీడియోలో చూసైనా ఆ బాకీ తీర్చుకుందామనుకుంటే, పంపడానికి తనలాంటి దాన్నే వెతికి పట్టుకున్నానన్నారు. ఈసారి నవ్వులకి ఇల్లు ఎగిరిపోయింది. ఒకావిడకి సమోసా పొలమారింది.

నా గడ్డం పట్టుకుని బీజీ తీర్పు కూడా చెప్పేశారు. ఒకటి వదిలేస్తే ముందు నాలుగూ లెక్కలోకి రావు. ఇద్దరం మళ్ళీ మొదట్నుంచీ తిరగాలి.

అదండీ సంగతి. గ్రేసీ థాంక్స్‌గివింగ్ సెలవులకి టికెట్లు నిన్న రాత్రే బుక్ అయ్యాయి. అయిదు సరోవరాలకీ బీజీ వీల్‌చెయిర్ నేనే తొయ్యాలి. దారిలో విసుక్కోవచ్చట, అది నా ఇష్టం, కానీ గ్రేసీకి వినపడేలా విసుక్కోవాలట. వీడియో పని మాత్రం నాకివ్వలేదు, గ్రేసీకిచ్చారు. మా ఇంట్లో అసలు టెస్టర్ ఎవరో బీజీకి తెలిసిపోయింది.