ప్లగ్గులో పెట్టిన బొట్టు

అరవై దాటాక, బెంగళూరు కాడుగోడిలో ఆడవాళ్ళ సాయంకాలపు బడిలో అక్షరాలు దిద్దుకున్నదాన్ని కనుక ఈ సంగతి ఇన్నేళ్ళూ రాయలేకపోయాను. నోటితో చెప్పుకోవడానికేమో ఓపిక లేకపోయింది. మొన్న ఒక పెళ్ళిలో పిల్లలు బిస్కెట్లు నమిలి నోట్లోంచి తెల్లటి పొగ వదులుతుంటే, అది ద్రవ నైట్రోజన్ అని నేను అనగానే పక్కనున్నామె నన్ను వింతగా చూసింది. ఆ పొగ పక్కనే పన్నెండేళ్ళు నేల తుడిచానని ఆమెకేం తెలుసు.

తొంభైల చివర్లో, బెంగళూరు శివార్లలోని జిగణిలో ఒక చిన్న షెడ్డు. కంటికి కనబడని రేణువులను పరుగెత్తించే పెద్ద యంత్రాలుంటాయట, వాటి అయస్కాంతాలను విపరీతమైన చలిలో ఉంచాలట. ఆ చలిని అదుపులో పెట్టే ప్యానళ్ళు మేము చేసేవాళ్ళం. మేము అంటున్నాను గానీ నాది చీపురు పని. వైరింగు చేసేది హిందూపురం వైపు నుంచి వచ్చిన ఒక పిల్ల, నన్ను అత్తా అని పిలిచేది, ఆ జీతంతోనే ఇద్దరు చెల్లెళ్ళను చదివించేది. ఒక సన్నటి తీగ చూపించి, లోపల చలి ఎంతుందో ప్యానలుకు చెప్పేది ఇదేనని తనే నాకు చెప్పింది.

ఆ ఏడు ఆయుధపూజకు యంత్రాలన్నిటికీ బొట్లు పెట్టే పని నాకిచ్చారు. అంత ముఖ్యమైన తీగ బొట్టు లేకుండా ఉండకూడదని, బల్లమీద తెరిచి ఉన్న దాని ప్లగ్గులో, పిన్నుల నడుమ తడి కుంకుమ అద్దాను. సెలవు తర్వాత ఎవరూ చూడకుండానే దాన్ని బిగించి, నైట్రోజన్ పోసే తొట్టితో ప్యానలు పరీక్ష మొదలుపెట్టారు. తొట్టిలో గడ్డకట్టే చలి ఉన్నా తెరమీది అంకె ఇంకా వేడిగా ఉందనే చూపింది, ప్యానలు దాన్ని నమ్మి నైట్రోజన్ వదిలే వాల్వును ఇంకా ఇంకా తెరిచింది, పొద్దున తెప్పించిన నైట్రోజనంతా మధ్యాహ్నానికి పొగై పోయింది.

“ఏం పాపా, నైట్రోజన్ అంటే కొళాయి నీళ్ళనుకున్నావా? సోల్డరింగ్ రాకుంటే ముందే చెప్పాల. రేపట్నుంచి రావద్దు” అన్నాడు సూపర్‌వైజరు.

“నేను సరిగ్గానే వేసినా సార్” అని ఒక్క మాట అని ఆ పిల్ల వెళ్ళిపోయింది.

తప్పు చూపింది ఆ తీగేనని విన్నప్పుడే నాకు నేను పెట్టిన బొట్టు గుర్తొచ్చింది. నా పని పోతుందనే భయంతో సాయంత్రం దాకా నోరు మెదపలేదు. షెడ్డు మూసేముందు సూపర్‌వైజరుకు చెప్పేశాను. ఆయన ప్లగ్గు విప్పి దూదితో తుడిస్తే దూది ఎర్రబడింది.

“లోపల ఎవురు పెట్టమన్నారమ్మా? బయట పెడితే దేవునికి కనపడదా?” అని తల పట్టుకుని, ఆ పిల్లను తోడుకొస్తే తప్ప నువ్వూ రావద్దన్నాడు.

ఇప్పుడు ప్లగ్గులన్నీ మూతలతో వస్తాయట, తప్పు ఎక్కడుందో తెరే రాసి చూపిస్తుందట. మంచిదే. ఒకరి తప్పు ఇంకొకరి మీద పడకుండా ఉంటే చాలు. అయితే అప్పట్లో అలా చెప్పడానికి మనిషే కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళవలసి వచ్చేది.

మరునాడు పొద్దున్నే రెండు బస్సులు మారి, ఆ పిల్ల అద్దెకుండే బొమ్మనహళ్ళి వెళ్ళాను. బట్టలు కుట్టే ఒక ఫ్యాక్టరీ గేటు ముందు, పనికోసం నిలబడిన ఆడవాళ్ళ వరుసలో ఆ పిల్ల కనిపించింది. అందరూ వింటుండగానే తప్పు నీది కాదు, నాది అని చెప్పి, ఆమె చేతిలోని టిఫిన్ డబ్బా తీసుకుని జిగణి బస్సు వైపు నడిచాను. వెనక ఆమె చెప్పుల చప్పుడు వినిపించేదాకా తిరిగి చూడలేదు.